ముందు సీటు

డిసెంబర్ 20

సెలవు ఇచ్చారు. పది రోజులు. కళ్ళజోళ్ళ దుకాణంలో నా బదులు యజమాని మేనకోడలు కూర్చుంటుంది. గోడ మీది అక్షరాలు ఎలా చదివించాలో, ఏ అద్దం తర్వాత ఏ అద్దం వేసి చూపించాలో గంటసేపు నేర్పాను. అంతా విని, "అక్కా, మీ మరిదికి ఎలా జరిగింది?" అని అడిగింది. చెప్పాను. మార్చిలో మా ఆయన కారు నడుపుతుండగా, పొద్దున్నే మంచులో, రోడ్డు మధ్య ఆగిపోయి ఉన్న లారీకి తగిలింది. మరిది అక్కడికక్కడే పోయాడు. మా ఆయన నడుపుతుండగా. తప్పు లారీదే అని కాగితాల్లో కూడా రాశారు.

సాయంత్రం ఆయన అద్దె కారు తెచ్చాడు. నేను వెనక తలుపు తీసి కూర్చున్నాను. నాకు మెడనొప్పి అనీ, వెనకైతే ఆనుకుని కూర్చోవచ్చనీ తొమ్మిది నెలలుగా అందరికీ చెబుతున్నాం. చెప్పగా చెప్పగా మాకూ అదే నిజమైపోయింది.

అక్క ఇంట్లో ఒక రోజు, లెక్కల మాస్టారి ఇంట్లో ఒక పూట, తర్వాత అత్తయ్య దగ్గర ఆరు రోజులు. కిందటేడూ ఇదే వరస. అప్పుడు ముగ్గురం.

డిసెంబర్ 21

అక్క ఆసుపత్రిలో నర్సు. ఇంట్లోనూ అదే నడక, అదే గొంతు. గేటు దగ్గరే పట్టుకుంది.

"ఏంటే, మొగుణ్ణి డ్రైవర్ని చేసి మహారాణిలా వెనకనుంచి దిగుతున్నావ్?"

"జీతం ఏమాత్రం ఇస్తున్నావు మరదలా? నేనూ చేరిపోతా," అని బావ అందుకున్నాడు.

మెడనొప్పి అన్నాను. అక్క నవ్వడం మానేసి నా వెనక్కి వచ్చి రెండు వేళ్ళతో నొక్కడం మొదలుపెట్టింది. ఇక్కడా? ఇక్కడా? ఎక్కడ నొక్కినా అవునన్నాను.

"అబద్ధాలకోరు. అన్నిచోట్లా ఒకేలా నొప్పి ఉండదే," అంది.

భోజనాల దగ్గర బావ నన్ను అడిగాడు: "లైసెన్సు తీసుకున్నావుగా, నడుపుతున్నావా లేదా?" నేను నోరు తెరిచేలోపే ఆయన, "దానికి భయం అన్నయ్యా. మానేసింది," అన్నాడు. అన్నం వడ్డించినంత మామూలుగా అన్నాడు. ఆయనకిది బాగా అలవాటైపోయింది. నా వంతు మాటలు కూడా ఆయనే చెప్పేస్తాడు.

డిసెంబర్ 22

చిన్నోడు, అంటే మా మరిది, బోర్డులు రాసేవాడు. దుకాణాలకీ, బళ్ళకీ, ఆసుపత్రులకీ. కారెక్కితే చాలు, దారిపొడవునా ఊళ్ళోవాళ్ళ బోర్డులన్నిటికీ వంకలు పెట్టేవాడు. "ఆ అక్షరం చూడు వదినా, కడుపునొప్పితో ముడుచుకుని పడుకున్నట్టు లేదూ?" అతను చెప్పాక ఆ అక్షరం ఇంకోలా కనబడేది కాదు.

ఈరోజు దారంతా కళ్ళు మూసుకునే ఉన్నాను. ఒక కూడలి దగ్గర కారు ఆగింది. ముందు సీట్లోంచి వినబడింది, పక్కనే ఉన్నంత స్పష్టంగా: "ఇదెవడు రాశాడోగాని వదినా, చెయ్యి వణికింది పాపం."

కళ్ళు తెరిచాను. ఎదురుగా మందుల షాపు బోర్డు. సీటు ఖాళీ. కానీ కారు మాత్రం కూతలు పెడుతోంది, ఆ సీట్లో వాళ్ళు బెల్టు పెట్టుకోలేదని.

"నా సంచి పెట్టాను కదా, ఆ బరువుకి మోగుతోంది," అన్నాడు ఆయన. సంచి తీసి నాకిచ్చాడు. తీశాక కూడా రెండుసార్లు మోగింది. ఇద్దరం విన్నాం.

డిసెంబర్ 23

లెక్కల మాస్టారు ఆయనకి చిన్నప్పటి స్నేహితుడు. మనసులో ఏదీ దాచుకోలేడు. టీ తాగుతూ తాగుతూ కప్పు కింద పెట్టేశాడు.

"ఒరేయ్, తొమ్మిది నెలలుగా అడగాలనుకుంటున్నా. రాత్రంతా లిఫ్టులు బాగుచేసి, కళ్ళు మూతలు పడుతుంటే పొద్దున్నే స్టీరింగు ఎలా పట్టుకున్నావురా? జాగ్రత్త గురించి పదిమందికి చెప్పే పని నీది!"

"తప్పేరా," అన్నాడు ఆయన.

"తప్పేరా అంటే అయిపోయిందా? వాడు మాకు మాత్రం తమ్ముడు కాదా?"

"కాదనలేదురా. తప్పే అంటున్నాగా."

నేను కప్పులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళాను. కడిగిన కప్పులే మళ్ళీ కడిగాను. మాస్టారి భార్య నా పక్కకొచ్చి గుసగుసగా అంది: "మనసులో పెట్టుకోకమ్మా, ఆయన నోరే అంత. ఏమైనా నువ్వు అదృష్టవంతురాలివి. వెనక సీట్లో ఉన్నావు కాబట్టి బతికి బయటపడ్డావు."

అవునన్నాను.

డిసెంబర్ 24

అత్తయ్య గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చి నన్ను కావలించుకుంది. మెడలో కొలతల టేపు, జాకెట్టుకి గుచ్చుకున్న సూదులు. బడిపిల్లల బట్టలు కుట్టీ కుట్టీ ఆవిడ వేళ్ళ చివర్లు గరుకెక్కాయి. ఆ వేళ్ళతో నా చెంపలు నిమిరి, "చిక్కిపోయావేంటమ్మా," అంది. నా వెనక ఆయన రెండు పెట్టెలు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ చూపు ఆయన్ని దాటుకుని గేటు మీదికి వెళ్ళి వచ్చింది.

మార్చి నుంచీ ఆవిడ పెద్దకొడుకుతో మాట్లాడటం లేదు. ఏదైనా చెప్పాలంటే నాతో అంటుంది. "వేడినీళ్ళు పెట్టానని చెప్పమ్మా." ఆయన పక్కనే ఉంటాడు. నేను చెప్పాలి. మొదటిసారి చెప్పలేక ఆయన వైపు చూశాను. "విన్నాలే," అన్నాడు.

మాకు చిన్నోడి గదే ఇచ్చారు. కిటికీలో కుంచెలు. సగం రాసిన బోర్డు ఒకటి గోడ వైపు తిప్పి ఉంది. గది నిండా రంగుల వాసన. తొమ్మిది నెలలకి వాసన పోవాలి కదా.

డిసెంబర్ 25

పొద్దున్నే అత్తయ్య వేడినీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, నా మెడకి కాపడం పెట్టింది. "నువ్వన్నా మిగిలావు నాకు," అంది. ఆవిడ చేతులు మెడ మీద ఉన్నంతసేపూ నాకు నిజంగానే నొప్పి పుట్టింది.

డిసెంబర్ 26

భోజనాల దగ్గర అత్తయ్య పళ్ళెంలోకి చూస్తూ ఎవరితోనో అన్నట్టు అంది: "కారులో ముగ్గురున్నారు. గంటన్నర ప్రయాణం. ఆ గంటన్నరలో నా కొడుకు ఏం మాట్లాడాడో, చివరికేమన్నాడో ఒక్కళ్ళూ చెప్పరు."

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. "నిద్రపోతున్నాడమ్మా. ఏమీ మాట్లాడలేదు."

"వాడా?" అత్తయ్య ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయాను. "కారులో వాడు నిద్రపోవడమా? వాడి నోరు మూయించాలంటే నిద్రమాత్రలు కూడా చాలవు. నడిపినవాడికి పక్కవాడి మాట ఒక్కటి కూడా చెవిన పడలేదంట."

మామయ్య లేచి చేయి కడుక్కున్నాడు. మామయ్య పళ్ళెంలో అన్నం అలాగే ఉంది.

డిసెంబర్ 27

మామయ్య ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇప్పటికీ పొద్దున్నే డిపో బయట బెంచీ మీద కాసేపు కూర్చుని రావాలి. ఈరోజు నన్ను రమ్మన్నాడు. బస్సులు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. ఒక బస్సులోకి డ్రైవరు ఎక్కి, మొదట సీటు కింద చెయ్యి పెట్టి దాన్ని జరుపుకుని, అప్పుడు అద్దం సర్దుకున్నాడు.

"చూశావా? డ్యూటీ మారగానే ఎవడైనా చేసే మొదటి పని అదే. ఒకడి కాళ్ళ కొలత ఇంకొకడికి పనికిరాదు," అన్నాడు.

ఊఁ అన్నాను.

"మార్చిలో చిన్నోడి సామాను తెచ్చుకోమంటే ఆ కారు దగ్గరికి నేనే వెళ్ళానమ్మా." బస్సుల వైపే చూస్తున్నాడు. "ఎడం పక్కంతా నుజ్జు. డ్రైవరు సీటుకి దెబ్బ లేదు. బాగా ముందుకు జరిపి ఉంది. అందులో నీ మొగుడి మోకాళ్ళు పట్టవు."

నా చెవుల్లో బస్సుల హోరు తప్ప ఏమీ లేదు.

"అత్తయ్యకి..." అన్నాను.

"చెప్పలేదు. వాడెందుకు అలా చెప్పాడో వాడికి తెలియాలి. చెప్పమని నిన్ను అడగట్లేదు, వద్దనీ అనట్లేదు. కానీ ఈ ఇంట్లో ముగ్గురం ఆవిణ్ణి వెర్రిదాన్ని చేస్తున్నాం. నాకు నిద్ర పట్టడం లేదమ్మా."

ఇంటికొచ్చి చిన్నోడి గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడైనా రాయాలి. ఈ పుస్తకం ఎవరు చదువుతారు?

కారు నేనే నడిపాను.

ఆయన ముందురోజు రాత్రంతా ఆసుపత్రిలో ఇరుక్కుపోయిన లిఫ్టు దగ్గర ఉన్నాడు. వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని నిద్రపోయాడు. చిన్నోడు ముందు, నా పక్కన. దారంతా మాట్లాడాడు. ఆ తర్వాత లారీ.

జనం వచ్చేలోపే ఆయన నన్ను రోడ్డు పక్కన కూర్చోబెట్టాడు. ఆయన భుజం ఎముక విరిగి చెయ్యి వేలాడుతోంది. "నేను నడిపానని చెబుతా. నువ్వు మాట్లాడకు," అన్నాడు. నేను మాట్లాడలేదు. అప్పటినుంచీ మాట్లాడలేదు.

డిసెంబర్ 28

ఆయన డాబా మీద బట్టలు ఆరేస్తుంటే వెళ్ళి చెప్పాను, మామయ్యకి తెలుసని. చేతిలో తడి చొక్కాతో అలాగే నిలబడ్డాడు.

"అమ్మకి చెప్పేస్తాను," అన్నాను.

"వద్దు."

"ఎన్నాళ్ళు నువ్వు..."

"నా మాట విను. నేను కొడుకుని. ఎప్పటికైనా అమ్మ కోపం దిగుతుంది, మళ్ళీ కొడుకునవుతా. నువ్వు కోడలివి. నీ మీద మనసు విరిగితే విరిగినట్టే. అతికించడానికి ఏముంటుంది? ఆరోజు రోడ్డు మీద ఆ ఒక్కటే ఆలోచించాను."

"తొమ్మిది నెలలైంది. దిగిందా?"

చొక్కా దులిపి తాడు మీద వేశాడు. క్లిప్పు కోసం వెతుక్కున్నాడు. నేను పెట్టాను.

"నేను నిద్రపోకుండా ఉంటే స్టీరింగు నా చేతుల్లోనే ఉండేది," అన్నాడు. "అది అబద్ధం కాదుగా."

ఆయనా నాలాగే ఏదో ఒకదాన్ని పట్టుకుని వేలాడుతున్నాడని నాకు ఇవాళే తెలిసింది.

డిసెంబర్ 29

చెప్పేశాను.

అత్తయ్య నాకు బట్టలు కుడతానని గుడ్డ తెచ్చి పెట్టింది. నీలం రంగుది. మధ్యాహ్నం కొలతలు తీసుకుంటోంది. మామయ్య డిపో నుంచి ఇంకా రాలేదు. మా ఆయన వరండాలో ఎవరిదో ఫ్యాను విప్పి కూర్చున్నాడు.

"చేతులెత్తమ్మా."

ఎత్తాను. టేపు చుట్టూ తిప్పి రెండు కొసలూ కలిపి పట్టుకుంది. ఆవిడ నుదురు నా గడ్డానికి తగులుతోంది.

"అత్తయ్యా, ఆరోజు కారు నేను నడిపాను."

"ఊపిరి బిగబట్టకు. కొలత తప్పుతుంది," అంది.

మళ్ళీ చెప్పాను. ఈసారి టేపు ఒక కొస జారిపోయింది. ఆవిడ దాన్ని తీసి, రెండు వేళ్ళకి నిదానంగా చుట్టుకుంది. మొత్తం చుట్టేదాకా తలెత్తలేదు. తర్వాత మిషను ముందు స్టూలు మీద కూర్చుంది.

"మొదట్నుంచి చెప్పు," అంది. "ఒక్కటీ వదలకు."

నిలబడే చెప్పాను. అయిదున్నరకి బయల్దేరామనీ, చిన్నోడు ఫ్లాస్కులో టీ తెచ్చాడనీ. మూతలో పోసుకుని తాగుతూ నేను నడపడం చూసి నవ్వాడనీ. "వదినా, నువ్వు గేరు మారుస్తుంటే పిండి కలుపుతున్నట్టుంది" అన్నాడనీ. ఆవిడ పెదవి ఒక్కసారి అదిరింది. అన్న గురక పెడుతుంటే, "వీడి గురక మీద ఒక బోర్డు రాయొచ్చు" అన్నాడని చెప్పాను. ఆ తర్వాత అమ్మకి బోర్డు రాయాలన్నాడని చెప్పాను.

"నాకా?"

"ముప్పై ఏళ్ళుగా కుడుతోంది, గుమ్మం మీద పేరు లేదు, ఊరందరికీ రాశాను, మా అమ్మకి రాయలేదు అన్నాడు. మీ పుట్టినరోజు లోపల పెట్టేస్తానన్నాడు. మీకు చెప్పొద్దన్నాడు."

అత్తయ్య మిషను చక్రం మీద చెయ్యి పెట్టింది. అది కొంచెం తిరిగి ఆగింది.

"తర్వాత?"

తర్వాతది ఆయనకి కూడా చెప్పలేదు. ఈ పుస్తకంలో కూడా మొన్న రాయలేకపోయాను.

"తర్వాత మంచు ఎక్కువైంది. టైర్ల షాపు వచ్చింది. 'అదిగో వదినా, నేను రాసిన మొదటి బోర్డు, చూడు' అన్నాడు. నేను చూశాను. తల తిప్పి చూశాను అత్తయ్యా. మళ్ళీ ముందుకు చూసేసరికి లారీ ఉంది."

ఆవిడ లేచింది. నన్ను దాటుకుని వరండాలోకి వెళ్ళింది. చప్పుడు వినబడి పరుగెత్తాను. ఆయన్ని చెంప మీద కొట్టింది. ఫ్యాను రెక్క దొర్లి మెట్ల మీద పడింది.

"తొమ్మిది నెలలు నేను నిన్ను శత్రువులా చూసేట్టు చేశావు కదరా! పక్కన కూర్చుని అన్నం తింటుంటే పళ్ళెం వైపు కూడా చూడలేదు కదరా నేను! నన్నేం చేద్దామనుకున్నావురా?"

ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ ఇంకోసారి కొట్టడానికి చెయ్యెత్తి, ఆ చేత్తోనే ఆయన తల పట్టుకుని పొట్టకి అదుముకుంది. ఆయన ఏడుపు నేను పెళ్ళయ్యాక ఎప్పుడూ వినలేదు. చిన్నోడు పోయినరోజు కూడా.

నేను గుమ్మంలో నిలబడ్డాను. నా వైపు ఎవరూ చూడలేదు. చూడకూడదు కూడా.

డిసెంబర్ 30

పొద్దున కాపడం లేదు. అడగడానికి నాకేం హక్కుంది? పైగా మెడనొప్పి కూడా లేదు.

బయల్దేరాం. అత్తయ్య గేటు దాకా వచ్చి ఆయన చొక్కా గుండీ సరిచేసింది. నాతో మాట్లాడలేదు. ఆయన విన్న మౌనం ఇప్పుడు నాకొచ్చింది. ఇది ఇంత బరువుంటుందని, తొమ్మిది నెలలు మోసినవాడు ఒక్కసారి కూడా చెప్పలేదు.

మామయ్య కారు కిటికీ దగ్గర వంగి, "నిన్న నిద్రపట్టింది," అన్నాడు.

డిసెంబర్ 31

ఇల్లు. పెట్టెలు విప్పలేదు.

జనవరి 2

దుకాణం. ఇరవైమందికి అక్షరాలు చదివించాను. అత్తయ్య రోజూ ఆయనకి ఫోను చేస్తోంది. తిన్నావా, భుజం లాగుతోందా, ఎన్ని లిఫ్టులు చూశావు. ఆయన పిల్లాడిలా అన్నీ చెబుతాడు. నేను ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోతాను.

జనవరి 4

సాయంత్రం ఆయన ఫోను నా వైపు చాపాడు. "నీకివ్వమంటోంది."

చెవి దగ్గర పెట్టుకున్నాను. ఎలా ఉన్నావు అనలేదు. అమ్మా అనలేదు.

"బోర్డు ఏ రంగు అన్నాడు?"

"రంగు చెప్పలేదత్తయ్యా. అక్షరాలు పెద్దవిగా ఉంటాయన్నాడు. కళ్ళజోడు లేకపోయినా అమ్మకి కనబడాలి అన్నాడు."

పెట్టేసింది.

జనవరి 5

ఈసారి నా ఫోనుకే చేసింది. ఏ చొక్కా వేసుకున్నాడు? గళ్ళది, చేతులు మడిచి. టీ మొత్తం తాగాడా? సగం నాకిచ్చాడు. చలిగా ఉందన్నాడా? లేదు, అద్దం దించి ఉంచాడు.

ఆ తర్వాత దుకాణం నుంచి వస్తుంటే, దారిలో బోర్డుల దగ్గర రోజూ వినబడే చిన్నోడి గొంతు వినబడలేదు. వినబడలేదని తెలిశాక భయమేసింది. ఆవిడకి చెప్పిన కొద్దీ నా దగ్గర తరిగిపోతాడా?

జనవరి 7

మధ్యాహ్నం దుకాణంలో ఉండగా చేసింది. వెనక గదిలోకి, అద్దాల డబ్బాల మధ్యకి వెళ్ళి ఎత్తాను. అవతల మిషను నడుస్తోంది.

"చివరికేమన్నాడు?" అంది. "లారీ కనబడ్డాక."

దీనికోసమే ఈ మూడు రోజులూ చొక్కా గురించీ టీ గురించీ అడిగిందని అర్థమైంది.

"ఏదో అన్నాడు కదా. అరిచాడు కదా. అమ్మా అన్నాడా?"

అవును అనొచ్చు. కాదనేవాళ్ళు లేరు. ఆయన నిద్రలో ఉన్నాడు, విన్నది నేనొక్కదాన్ని. ఆ ఒక్క మాట ఇస్తే ఆవిడ బతికినన్నాళ్ళూ దాచుకుంటుంది. నన్ను క్షమించినా క్షమిస్తుంది. ఆరోజు రోడ్డు పక్కన ఆయనకీ సరిగ్గా ఇలాగే అనిపించి ఉంటుంది, ఒక్క మాటే కదా అని.

"లేదత్తయ్యా. 'వదినా' అన్నాడు."

మిషను ఆగింది. ఊపిరి వినబడుతోంది. బయట ఎవరో వచ్చి బల్ల మీద తట్టారు. నేను కదల్లేదు.

"తిట్టినట్టా?"

"కాదు. జాగ్రత్త అన్నట్టు. చెయ్యి నాకు అడ్డం పెట్టాడు."

"నీకా?"

"నాకే."

ఫోను పెట్టేసిందేమో అనుకుని చూశాను, లేదు. అప్పుడు వినబడింది ఏడుపు, గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నట్టు. నేను కూడా అద్దాల డబ్బాల మధ్య కింద కూర్చుండిపోయాను. ఇద్దరం ఒకరికొకరం వినబడేట్టు ఏడ్చాం. ఎవరూ ఎవరినీ ఊరుకోమనలేదు.

చివరికి ఆవిడ ముక్కు చీదుకుంది. మిషను మళ్ళీ మొదలైంది.

"నీ కొలత ఆరోజు చేతుల దగ్గర ఆగిపోయింది," అంది. గొంతు ఇంకా గట్టిగానే ఉంది. "భుజం నుంచి మణికట్టు దాకా ఎంతో కొలుచుకుని రేపు చెప్పు."